ఈతకెళ్లే రోజు గన్ ఏం చేయాలి? టెక్సస్‌లో ఉండే మనవాళ్ల కోసం

మే చివర్లో వచ్చే మెమోరియల్ డే దాటిందంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల గరాజుల్లోంచి కూలర్లు, మడత కుర్చీలు, గాలి కొట్టే ట్యూబులు బయటికొస్తాయి. నాలుగు కుటుంబాలు కలిస్తే ఒకరు పులిహోర, ఒకరు మసాలా పట్టించిన చికెన్, ఒకరు పుచ్చకాయ తెస్తారు. ఈ మధ్య ఆ సామానులో ఇంకోటి చేరింది. సిటిజన్‌షిప్ వచ్చాక పిస్టల్ కొనుక్కుని, ఎల్‌టీసీ తీసుకుని, రోజూ చొక్కా కింద పెట్టుకు తిరిగేవాళ్లు నా స్నేహితుల్లోనే నలుగురున్నారు. (ఎల్‌టీసీ అంటే మా నాన్నకు రిటైరయ్యే దాకా టూరుకిచ్చే డబ్బులు. ఇక్కడ లైసెన్స్ టు క్యారీ, అంటే గన్ వెంట పెట్టుకోవడానికి ఇచ్చే లైసెన్సు.) నేనూ ఆ బాపతే. ఎండాకాలం మొదలవగానే అందరూ ఒకటే అడుగుతారు: "లేక్‌కి వెళ్లేటప్పుడు దాన్నేం చేస్తావ్?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. నీళ్లలోకి దిగే మనిషి ఒంటి మీద గన్ ఉండకూడదు. ఇంట్లో ఉండాలి, లేదా కారులో తాళం వేసిన పెట్టెలో ఉండాలి, లేదా ఆ రోజు తడవనని ఒప్పుకున్న మనిషి నడుముకుండాలి. ఈ మూడింట్లో మీకు ఏది కుదురుతుందో ఎలా తేల్చుకోవాలో, తేల్చుకున్నాక ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు మీ కాగితాలు, తర్వాత ఇంట్లోవాళ్ల కాగితాలు

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు దాటి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. "అర్హత ఉన్నవాళ్లు" అన్న మాట దగ్గరే మనవాళ్లు జారిపడతారు. రాష్ట్రం ఏమన్నా, పైన ఫెడరల్ చట్టం ఒకటుంది. నాన్‌ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, అమ్మానాన్నలు వచ్చే విజిటర్ వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక మినహాయింపు ఉంది కానీ, దాని మీద ఆధారపడే ముందు లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపును కాదు. గ్రీన్ కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది కదా, చాలు అనుకోవద్దు. కార్డు చేతికి రానివ్వండి.

ఇదేమీ చిన్న జరిమానా వ్యవహారం కాదు. 2022లో చట్టం మార్చాక గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. తుపాకీ నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెహాయిఫ్ కేసు ఎలా మొదలైందో తెలుసా? స్టూడెంట్ వీసా మీద వచ్చిన ఒక కుర్రాడు, కాలేజీ వాళ్లు తీసేశాక, ఫ్లోరిడాలో ఒక షూటింగ్ రేంజికి వెళ్లి తుపాకీ కాల్చాడు. అంతే.

మీరు సిటిజన్ కాబట్టి ఇదంతా మీకు పట్టదనుకుంటున్నారా? ఒక సీన్ ఊహించుకోండి. మీరు ట్యూబు చంకన పెట్టుకుని నీళ్ల వైపు నడుస్తూ, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మతో "అమ్మా, ఈ బ్యాగ్ కాస్త చూసుకో, లోపల గన్ ఉంది, జాగ్రత్త" అంటారు. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఏ నిషేధం గురించి ఇప్పటిదాకా మాట్లాడుకున్నామో, మీ అమ్మను మీరే అందులోకి నెట్టారు. ఇచ్చినందుకు మీకూ చిక్కే. హెచ్-4 మీద ఉన్న భార్యకో, ఎఫ్-1 మీద చదువుకుంటున్న బావమరిదికో ఇచ్చినా ఇదే కథ. అందుకే పిక్నిక్ ప్లాన్ వేసేటప్పుడే ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో లెక్క వేసుకోండి. కొంచెం మొహమాటంగానే ఉంటుంది. అయినా అడగండి.

వెళ్లే నీళ్లు ఎవరివి?

లేక్ అంటే లేకే అనుకుంటాం. కానీ ఆ గట్టు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి రూలు మారిపోతుంది.

డాలస్ వాళ్లకు ముఖ్యమైన సంగతి ఇది. లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లవాన్, జో పూల్, రే రాబర్ట్స్, ఇంకాస్త పైన టెక్సోమా, ఇవన్నీ అమెరికా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ కట్టిన లేకులు. కోర్ భూముల్లో టెక్సస్ చట్టం కాకుండా ఫెడరల్ నిబంధన నడుస్తుంది. దాని నంబరు 36 సీఎఫ్ఆర్ 327.13. వేట, అనుమతి ఉన్న షూటింగ్ రేంజి లాంటి సందర్భాలు తప్పిస్తే, డిస్ట్రిక్ట్ కమాండర్ రాతపూర్వక అనుమతి లేకుండా లోడ్ చేసిన తుపాకీ అక్కడ ఉండకూడదు. మీ ఎల్‌టీసీ ఇక్కడ చెల్లదు. "బుల్లెట్లు తీసేసి డిక్కీలో పెడతాలే" అంటారు కొందరు. ఆ నిబంధనలో తూటాలు కూడా విడిగా రాసి ఉన్నాయి. దొరికితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ నిబంధన మార్చాలన్న ప్రతిపాదన 2020లో ఒకటి వచ్చింది. అందుకని సీజన్ మొదట్లో ఒకసారి లేక్ ఆఫీసుకు ఫోన్ చేసి ఇప్పటి సంగతి కనుక్కోండి. కోర్ భూమిని సిటీయో స్టేట్ పార్కో లీజుకు తీసుకుని నడిపే చోట్లు కూడా ఉన్నాయి. అలాంటి పార్కుకి వెళ్తుంటే ఆ పార్కు పేరు చెప్పి మరీ అడగండి.

నా పద్ధతి సింపుల్. కోర్ లేక్ అయితే గన్ ఇంట్లో సేఫ్‌లో ఉంటుంది. ఆ రోజుకి చర్చ లేదు.

రే హబ్బర్డ్ డాలస్ సిటీది, హ్యూస్టన్ దగ్గరి కాన్రో శాన్ జసింటో రివర్ అథారిటీది. ఇలాంటి చోట్ల రాష్ట్ర చట్టం ప్రకారం నడుచుకోవచ్చు. గాల్వెస్టన్ బీచ్ కూడా అంతే. కార్పస్ క్రిస్టీ పక్కనున్న పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్ ఫెడరల్ భూమే అయినా, అది నేషనల్ పార్క్ సర్వీసుది. 2010 ఫిబ్రవరి నుంచి నేషనల్ పార్కుల్లో గన్ ఉంచుకోవడానికి ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తోంది. విజిటర్ సెంటర్ లాంటి ఫెడరల్ బిల్డింగుల్లోకి మాత్రం తీసుకెళ్లకూడదు. అంటే టాయిలెట్ కోసం లోపలికి వెళ్లే ముందు బోర్డు చూడాలన్నమాట.

ప్రైవేటు చోట్లలో గేటు దగ్గర బోర్డులు చదవండి. వాటి మీద టెక్సస్ చట్టంలోని సెక్షన్ నంబరుంటుంది. 30.06 అని ఉంటే లైసెన్సున్నవాళ్లు కూడా దాచిపెట్టుకుని లోపలికి రాకూడదు. 30.07 అంటే బయటికి కనిపించేలా పెట్టుకుని రాకూడదు. 30.05 లైసెన్సు లేకుండా క్యారీ చేసేవాళ్లకు. ఈ బోర్డుల మీద రాత ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉంటుంది, అక్షరాలు కనీసం అంగుళం ఎత్తుంటాయి, కాబట్టి చూడలేదంటే కుదరదు. వాటర్ పార్కు అయితే బోర్డు దాకా కూడా వద్దు. బ్యాగులు వెతుకుతారు, లోపల ఒంటి మీద ఉండేవి ఈత బట్టలే. ఇంట్లో వదిలేసి వెళ్లండి.

అపార్టుమెంటు పూల్ గురించి ఒక మాట. 2019 నుంచి టెక్సస్‌లో ఇంటి యజమాని మీ యూనిట్లో, పార్కింగ్‌లో ఉన్న మీ కారులో, ఆ రెంటి మధ్య నడిచే దారిలో గన్ ఉండకూడదని లీజులో రాయలేడు. పూల్ ఆ దారిలోది కాదు. లీజు చదవండి.

ఇక వేరే రాష్ట్రం. ఎండాకాలం సెలవులకు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండే పెద్దమ్మ ఇంటికి వెళ్లి, అక్కణ్నుంచి జెర్సీ షోర్ వెళ్దామనుకుంటే టెక్సస్ లైసెన్సు ఇంట్లో పెట్టిన గన్‌తో పాటే ఇంట్లో ఉంచండి. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాలు వేరే రాష్ట్రం పర్మిట్లు ఒప్పుకోవు.

ఒడ్డున ఎవరుంటారు?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ దాటాక కూడా గన్ వెంట తీసుకెళ్లాలనుకుంటే, ఒక మనిషి ఆ రోజు పొడిగా ఉండాలి. పెళ్లికి కారులో వెళ్తే ఒకరు తాగకుండా ఉంటారు కదా, అలాగ. ఆ మనిషికి అర్హత ఉండాలి, గన్ వాడకం తెలిసుండాలి, బీరు ముట్టకూడదు. మత్తులో పిస్టల్ మోయడం టెక్సస్‌లో విడిగా నేరం. రక్తంలో ఆల్కహాల్ 0.08 అన్న కొలత ఉంది కానీ, అంతకు ముందే మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా మత్తుగానే లెక్క. ఎండలో రెండు బీర్లకు నాకే తల తిరుగుతుంది. కూలర్ తెరిచే ఉద్దేశం ఉంటే గన్ తేవద్దు.

ఇంకో విషయం. ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు, ఒక భయం నేర్పింది. గన్ పెట్టుకుని కూర్చున్న మనిషీ, నీళ్లలో పిల్లల్ని కనిపెట్టుకునే మనిషీ ఒకరే కాకూడదు. ఓసారి మా స్నేహితుడి కొడుకు ట్యూబులోంచి జారి రెండు సెకన్లు కనపడలేదు. నేను లేచాను, చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది. దీన్ని తీసి ఎవరికివ్వాలి? ఎక్కడ పెట్టాలి? ఈలోపు వాడే తేలాడు, నవ్వుతూ. ఆ రెండు సెకన్లు నేను పిల్లాడి గురించి కాకుండా పిస్టల్ గురించి ఆలోచించాను. ఆ రోజు నుంచి పిల్లల బాధ్యత వేరేవాళ్లది, వాళ్ల ఒంటి మీద ఏమీ ఉండదు. ఒకవేళ దగ్గర్లో ఇంకెవరూ లేక మీరే దూకాల్సొస్తే, ఉన్నది ఉన్నట్టే దూకేయండి. తడిసిన గన్‌ని రాత్రికి కడుక్కోవచ్చు.

కారులో పెడితే

అందరూ నీళ్లలోకి దిగే రోజున ఇదే మార్గం. గ్లవ్ బాక్సులో పెట్టి ప్లాస్టిక్ తాళం వేస్తే స్క్రూడ్రైవర్‌కి పది సెకన్ల పని. ఉక్కు కేబుల్ ఉన్న చిన్న లాక్ బాక్సు కొనండి. కేబుల్‌ని సీటు కింద నేలకు బిగించిన ఇనుప చట్రం చుట్టూ తిప్పి బాక్సుకు తగిలించండి.

ఎప్పుడు పెట్టాలన్నదే అసలు తెలివి. లేక్ పార్కింగ్‌లో దిగి, సీటు కిందికి వంగి, నడుము నుంచి తీసి పెట్టెలో పెడుతుంటే చూసేవాడు చూస్తాడు. మీరు టవల్ భుజాన వేసుకుని నీళ్ల వైపు వెళ్లడం కూడా చూస్తాడు. రెండు గంటలు తిరిగిరారని వాడికి తెలుసు. అందుకని ఇల్లు కదిలే ముందే, గరాజులోనే బాక్సులో పెట్టేయండి. కారు వెనక గన్ కంపెనీ స్టిక్కర్లుంటే పీకేయండి.

పెట్టెలో పెట్టేటప్పుడు గన్‌ని దాని తొడుగు, అంటే హోల్‌స్టర్‌లోంచి బయటికి తీయకండి. హోల్‌స్టర్‌తో సహా పెట్టండి. ట్రిగ్గర్ కప్పి ఉన్నంతసేపూ ప్రమాదం చాలా తక్కువ. కారు సీట్లో కూర్చుని తీసి, పెట్టి, తీసి, పెట్టేవాళ్ల చేతుల్లోనే పేలుతుంది. తాళంచెవి గానీ నంబరు గానీ మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. అప్పుడు కారులో మీ అమ్మ కూర్చున్నా, భార్య డ్రైవ్ చేసినా, పెట్టె మీద వాళ్లకు అధికారం లేదని చెప్పుకోవచ్చు. పిల్లల విషయంలోనూ ఇది ముఖ్యం. 17 ఏళ్లలోపు పిల్లలకు లోడ్ చేసిన గన్ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం టెక్సస్‌లో నేరమే. వాళ్లు పేల్చి ఎవరికైనా ప్రాణాపాయం జరిగితే శిక్ష పెరుగుతుంది.

ఎండకు తూటాలు పేలతాయేమోనని చాలామందికి టెన్షన్. టెక్సస్ ఎండలో మూసిన కారు లోపల 60 డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు. తూటా దానంతట అది పేలాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. కానీ వేసవంతా కారులోనే వదిలేస్తే తూటాల్లోని మందు పాడవొచ్చు. సాయంత్రం ఇంటికి రాగానే లోపలికి తీసుకెళ్లండి.

ఒడ్డున నడుముకు పెట్టుకుంటే

ఈత నిక్కరుకు నడుము దగ్గర ఉండేది ఎలాస్టిక్, ఒక తాడు. తూటాలతో కలిపి చిన్న పిస్టల్ కూడా దానికి బరువే. పెడితే నిక్కరు జారుతుంది, లేదా పిస్టల్ వాలుతుంది. కాబట్టి పొడిగా ఉండే మనిషి మామూలు షార్ట్స్ వేసుకుని గట్టి బెల్టు పెట్టుకోవాలి. పైన చొక్కా ముదురు రంగుది, కొంచెం వదులుది, వీలైతే పువ్వులో గీతలో ఉన్నది. తెల్ల కాటన్ టీషర్టు మీద పిల్లలు నీళ్లు చల్లితే ఒంటికి అతుక్కుపోయి పిస్టల్ ఆకారమంతా బయటపడుతుంది.

హోల్‌స్టర్ కైడెక్స్‌ది తీసుకోండి. అదొక గట్టి ప్లాస్టిక్, నీళ్లు పీల్చదు. తోలుది అందంగా ఉంటుంది, చెమటకీ తడికీ మెత్తబడుతుంది, ఆ తడిని పట్టుకుని గన్‌కి తుప్పు పట్టిస్తుంది. బెల్టు వద్దంటే నడుముకు కట్టుకునే సంచీలు ఉన్నాయి. అందులో గన్ కోసం విడి అర, ట్రిగ్గర్‌ని కప్పే గట్టి తొడుగు ఉండాలి. తాళాలు, సన్‌స్క్రీన్, చిల్లర ఆ అరలో వేయకూడదు. సంచీ ఒంటి మీదే ఉండాలి. కుర్చీకి తగిలించి "ఇప్పుడే వస్తా" అని లేచారంటే అది సంచీ కాదు, వదిలేసిన తుపాకీ.

ఎక్కువ పొరపాట్లు జరిగేది నీళ్ల దగ్గర కాదు, బట్టలు మార్చుకునే గదిలో. నిక్కరు విప్పేటప్పుడు గన్‌ని కొక్కేనికి తగిలించడం, టాయిలెట్ ట్యాంకు మీద పెట్టడం, మర్చిపోయి రావడం. హోల్‌స్టర్‌తో సహా తీసి, దించిన ప్యాంటులోనే, మీ రెండు పాదాల మధ్య కనిపించేలా ఉంచండి. చెయ్యి జారి పడిపోతుంటే పట్టుకోవాలని చూడకండి. పడనివ్వండి. ఇప్పటి పిస్టళ్లు చాలావరకు కింద పడితే పేలకుండా తయారైనవి. గాల్లో పట్టుకోబోయిన వేలు ట్రిగ్గర్ మీద పడితే పేలతాయి.

బోటులో వెళ్తుంటే, మీ సొంత బోటుని చట్టం చాలావరకు మీ కారులాగే చూస్తుంది. కానీ వేట, చేపల నిబంధనలు చూసే అధికారి, అంటే గేమ్ వార్డెన్, మామూలు సేఫ్టీ తనిఖీ కోసం బోటు ఆపొచ్చు, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టొచ్చు. ఆయనా పోలీసు అధికారే. చేతులు కనిపించేలా ఉంచి, ఐడీ అడిగినప్పుడు దాంతో పాటు లైసెన్సు కూడా చూపించండి. నడుము దగ్గరికి చెయ్యి పోనీయకండి. కయాక్, ప్యాడిల్ బోర్డు, న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో గ్వాడలూప్ నది మీద ట్యూబింగ్, వీటికి గన్‌తో వెళ్లడం నా లెక్కలో నీళ్లలోకి దిగడం కిందికే వస్తుంది. బోల్తా పడనని చెప్పేవాళ్లందరూ పడ్డవాళ్లే.

"నీళ్లలో కూడా పేలుతుందట కదా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, మా గుంపులో అయితే రెండో ప్లేటు చికెన్ దగ్గర. పేలుతుంది. తూటాలోని మందుకు బయటి గాలి అక్కర్లేదు. కానీ నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. బుల్లెట్ కొద్ది అడుగుల్లోనే సత్తువ కోల్పోతుంది. 2016లో నార్వే భౌతిక శాస్త్రవేత్త ఆండ్రియాస్ వాల్ స్విమ్మింగ్ పూల్‌లో నిలబడి, ఎదురుగా నీళ్లలో బిగించిన రైఫిల్‌ని తాడు లాగి తన మీదికే పేల్చుకున్నాడు. బుల్లెట్ ఆయన్ని చేరకుండానే అడుక్కి జారిపోయింది. మీరు చేయకండి, వీడియో చూడండి చాలు.

నీళ్లలో వాడటానికే చేసిన ఆయుధాలు వేరే ఉన్నాయి. సోవియట్ వాళ్ల ఎస్‌పీపీ-1 పిస్టల్ బుల్లెట్లకు బదులు పొడవాటి ఉక్కు బాణాల్లాంటివి పేలుస్తుంది. గ్లాక్ కంపెనీ కూడా నీళ్లలో పనిచేసే దళాల కోసం ఫైరింగ్ పిన్ (తూటాను వెనక నుంచి కొట్టే పుల్ల) దగ్గర ప్రత్యేకమైన కప్పులు చేస్తుంది. అవి మనలాంటివాళ్ల కోసం కాదు. మన పిస్టల్ నీళ్లలోంచి తీసినప్పుడు అసలు భయం బుల్లెట్ బయటికొచ్చే గొట్టంలో, అంటే బ్యారెల్‌లో, మిగిలిన నీళ్లతోనే. దారికి నీరో బురదో ఇసకో అడ్డముండగా పేలిస్తే బ్యారెల్ ఉబ్బొచ్చు, పగలొచ్చు.

తడిసిపోతే

ఇది నా సొంత కథ. గాల్వెస్టన్‌లో మా అమ్మాయి చెప్పు అలలో కొట్టుకుపోతుంటే మోకాలి లోతులోకి నడిచాను. నడుముకు సంచీ, దాని మీద "వాటర్ రెసిస్టెంట్" అని రాసుంది. తర్వాతి అల ఛాతీ దాకా వచ్చింది. చెప్పు దొరికింది. హోటల్‌కి వెళ్లి పిస్టల్‌ని టవల్‌తో తుడిచి, పైకి బాగానే ఉందని పెట్టెలో పెట్టేశాను. మర్నాడు ఇంటికొచ్చి విడదీస్తే స్లైడ్ (గన్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) నల్లగా నిగనిగలాడుతోంది, లోపల స్ప్రింగు, పిన్నులు, గురి చూసే సైటు స్క్రూ నారింజ రంగులో ఉన్నాయి. ఉప్పునీరు ఒక్క రాత్రి కూడా ఆగదు. ఆ తర్వాత ఈ వరస నేర్చుకున్నాను:

1. ముందు ఖాళీ చేయండి. మూతి ఎవరూ లేని వైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరం. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీయండి, ఆ తర్వాతే స్లైడ్ లాగండి. వరస తారుమారైతే చాంబర్‌లోకి, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోటికి, ఇంకో తూటా ఎక్కుతుంది. కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోండి.

2. మాన్యువల్‌లో చూపించినంత మేరకు విడదీసి, కుళాయి నీళ్ల కింద బాగా కడగండి. తడిసినదాన్ని మళ్లీ తడపడమేంటి అనిపిస్తుంది. ఉప్పు, పూల్ క్లోరిన్, లేక్ బురద పోవాలంటే మంచినీళ్లే మందు. ఎర్ర చుక్క చూపించే సైటు ఉంటే దాని బ్యాటరీ మూత తీసి అక్కడా చూడండి.

3. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. డబ్ల్యూడీ-40 కొట్టొచ్చు, దాని పేరే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నలభయ్యో ప్రయత్నం అని. నీటిని తరిమేయడం వరకే దాని పని. తుడిచేసి అసలు గన్ ఆయిల్ పల్చగా రాయండి. ఫైరింగ్ పిన్ కదిలే గొట్టంలో మాత్రం నూనె పోయకండి, జిడ్డు చేరి మొరాయిస్తుంది.

4. మ్యాగజైన్ అడుగు మూత తీసి స్ప్రింగు కడిగి ఆరబెట్టండి. అందరూ మర్చిపోయేది ఇదే.

5. తడిసిన తూటాలను మళ్లీ క్యారీ చేయకండి. మంచి తూటాకి అతుకుల దగ్గర లక్క పూస్తారు, అయినా లోపలికి తేమ వెళ్లిందో లేదో పైనుంచి చెప్పలేం. సగం బలంతో పేలి బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటే, రెండోసారి నొక్కినప్పుడు చెయ్యి పోవచ్చు. చెత్తబుట్టలో వేయకండి. రేంజిలో పాడైన తూటాలకు డబ్బా ఉంటుంది, లేకపోతే పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి అడగండి.

రెండు రోజుల తర్వాత మళ్లీ విడదీసి చూడండి. మూలల్లో ఎక్కడో ఒకచోట నారింజ చుక్క కనిపిస్తుంది. కొత్త తూటాలతో రేంజిలో ఒక యాభై పేల్చి, ఎక్కడా ఆగకపోతేనే తిరిగి నడుముకు పెట్టుకోండి. నాకు స్ప్రింగు మార్చక తప్పలేదు.

లోతు నీళ్లలో పడిపోతే డైవ్ చేసి వెతకొద్దు. చోటు గుర్తుపెట్టుకుని, సీరియల్ నంబరుతో పోలీసులకు రిపోర్టు ఇవ్వండి. రేపు ఎవరికో దొరికి ఎక్కడో వాడితే మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో రాసి పెట్టుకోండి, లేక్‌లో పడ్డాక గన్ మీద చదవలేరు.

సంచీ గురించి

ఎండాకాలం అయ్యాక ఆ సంచీని ఏ అలమరాలోనో పడేస్తాం. డిసెంబర్‌లో ఇండియా టికెట్లు, ప్యాకింగ్ హడావిడి, "ఆ చిన్న సంచీ బాగుంది, పాస్‌పోర్టులకి సరిపోతుంది" అంటుంది ఇంట్లో ఎవరో. అర మడతలో ఒక్క తూటా మిగిలుంటే అది డాలస్‌లో స్కానర్‌కి దొరకడం మీ అదృష్టం. అక్కడ తప్పించుకుని శంషాబాద్‌లో దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు. "మర్చిపోయాను సార్" అని చెప్పుకుంటూ సెలవులన్నీ స్టేషన్, కోర్టు చుట్టూ గడుస్తాయి.

గన్‌కి వాడిన సంచీ ఇంకెందుకూ వాడకండి. మా గరాజులో మేకుకు వేలాడే సంచీకి మా ఆవిడ ఎర్ర రిబ్బను కట్టింది. సూట్‌కేసులు దించే రోజున దాని జోలికి ఎవరూ వెళ్లరు.